నా ముఖాన గంధం

నేనొక లెన్సుని. కెమెరా వేరు, నేను వేరు. ఈ సంగతి ముందే తేల్చుకోవడం మంచిది. ఫోటో బాగా వస్తే జనం "మంచి కెమెరా" అంటారు, బాగా రాకపోతే "లెన్సు పోయినట్టుంది" అంటారు. మెప్పు దానికి, మాటపడటం నాకు. ఏళ్ల తరబడి ఇదే వరస.

పుట్టింది జపాన్‌లో. గాజు బిళ్లలు ఒకదాని వెనక ఒకటి పేర్చి, నల్లటి గొట్టంలో బిగించి, దుమ్ము రేణువు కూడా దూరని గదిలో నన్ను తయారుచేశారు. మనుషుల ముఖాలు తీయడానికే పుట్టిన రకం నేను. అయినా నా మొదటి యజమాని, విశాఖపట్నంలో ఒక బ్యాంకు అధికారి, నాతో ఒక్క ముఖం కూడా తీయలేదు. ఆయన ఇటుక గోడలు తీసేవాడు. ఫోటో మూలల్లో ఇటుకలు ఎంత స్పష్టంగా వచ్చాయో కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూసుకుని, ఇంటర్నెట్‌లో నా మీద అభిప్రాయాలు రాసేవాడు. అవి చదివి ఎవరేం కొన్నారో తెలియదు గానీ, ఆ గోడని మాత్రం లోకమంతా చూసింది. నాకంటే కొత్త మోడల్ వస్తోందన్న వార్త చదవగానే ఆయనకి నా మీద మోజు తీరిపోయింది. అమ్మకానికి పెట్టేశాడు.

అలా రామచంద్రపురంలో సుభాషిణి చేతికి వచ్చాను. ఆవిడా, భర్త వీరభద్రమూ కలిసి స్టూడియో నడుపుతారు. పెళ్లిళ్లలో ఆయనది వీడియో, ఆవిడవి ఫోటోలు. ఆవిడ చెయ్యి తగిలిన మొదటి రోజే నాకు ప్రాణం లేచొచ్చింది. సుభాషిణి గోడల వంక చూడదు. పీటల మీద కూర్చున్న పెళ్లికూతురు పురోహితుడి మాటలు వింటున్నట్టు నటిస్తూ ఓరకంట పెళ్లికొడుకుని చూస్తుందే, ఆ ఒక్క క్షణం కోసం రెప్ప వేయకుండా నిలబడుతుంది. అలాంటి కన్ను దొరికాక లెన్సుకి ఇంకేం కావాలి?

మొన్నటి దసరాకి వచ్చింది చిక్కంతా. ఆయుధపూజ నాడు స్టూడియోల్లో కెమెరాలకి పూజ చేస్తారు. ఏటా కెమెరా నెత్తిన ఒక బొట్టు పెట్టి సరిపెట్టేవారు. ఈసారి పూజ వీరభద్రం తల్లి మంగాయమ్మగారి చేతుల మీదుగా జరిగింది. ఆవిడ మమ్మల్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నెత్తిన బొట్టేంట్రా? ఎవరికైనా ముఖానికి కదా పెడతారు! దీని ముఖం ఇదే కదూ?" అంటూ, దీపంలో నూనె పోసిన చేతులతోనే నా ముందు అద్దం మీద ఇంత గంధం రాసి, దాని మీద కుంకుమ పెట్టింది. నా బతుకులో నాకు జరిగిన మొదటి మర్యాద అది. ఎందుకు దాచాలి, మురిసిపోయాను.

పూజ అయ్యాక అమలాపురంలో ఓణీల ఫంక్షన్‌కి బయల్దేరాలి. కారు అప్పటికే వాకిట్లో హారను కొడుతోంది. మంగాయమ్మగారు చీర కొంగుతో నా ముఖం తుడిచేసింది. కుంకుమ పోయింది గానీ, గంధమూ నూనే కలిసి పల్చటి పొరలా మిగిలిపోయాయి. లెన్సు ముందు రక్షణకి ఫిల్టరు బిగించుకోవాలని ఎవరో యూట్యూబ్‌లో చెబితే సుభాషిణి ఒకటి తెప్పించుకుంది. ఆ హడావుడిలో చూసుకోకుండా ఆ కొత్త గాజుని తెచ్చి నా ముందు బిగించేసింది. మరక లోపల ఉండిపోయింది. ఆనాటి నుంచీ రోజూ ఉదయం మెత్తటి గుడ్డతో ఎంతో శ్రద్ధగా తుడిచేది. తుడిచేది మాత్రం ఆ ఫిల్టరునే.

ఆవిడ కెమెరా పాతరకం. వ్యూఫైండర్‌కి కన్ను ఆనించి చూసేవాళ్లు నా గుండానే చూస్తారు. నాకు మసక పడితే వాళ్లకీ మసకే. అమలాపురంలో స్టేజీ దీపాలవైపు నన్ను తిప్పగానే ఒక్కో బల్బు చుట్టూ ఒక్కో వెలుగు వలయం కనిపించింది. సుభాషిణి కెమెరా దించి కన్ను నులుముకుంది. మళ్లీ చూసింది. మళ్లీ అదే. ఆవిడ వేళ్లు చల్లబడటం నాకు తెలిసింది.

ఎందుకంత బెదిరిందో చెప్పాలి. ఆవిడ తండ్రి దుకాణాలకి బోర్డులు రాసే పెయింటరు. ఒకరోజు ఆయన, "వీధి లైటు చుట్టూ ఏదో చక్రంలా కనిపిస్తోందే" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. అవి నీటికాసులని, కంటినరాన్ని మెల్లగా తినేసే జబ్బని తెలిసేసరికి చూపు చాలావరకు పోయింది. చివరి రోజుల్లో తన బ్రష్షులు తనే తడిమి గుర్తుపట్టేవాడు. తండ్రికుంటే పిల్లలకీ వచ్చే అవకాశం ఉందని సుభాషిణి ఎక్కడో విన్నది. ఇప్పుడు భయంతో కళ్లు నులుముకుని చూస్తే ఇంట్లో బల్బు చుట్టూ కూడా వలయం ఉన్నట్టే తోచేది.

నా గురించి ఇంటర్నెట్‌లో తెగ వెతికింది. ఈ లెన్సుకి వయసుతో మసక వస్తుందని ఎవరైనా రాసి ఉంటారేమోనని ఆశ. తప్పు లెన్సుదే అయితే ఎంత బాగుండును! కానీ రాసినవాళ్లంతా నన్ను పొగిడినవాళ్లే. ప్రణీత్ అని ఒక హైదరాబాదు విశ్లేషకుడు వీడియోలో నాలాంటి లెన్సుని చేత పట్టుకుని, "దీంతో ఫోటో మసగ్గా వచ్చిందంటే తప్పు లెన్సుది కాదండీ, వెనకున్న కన్నుది" అని తేల్చేశాడు. నన్ను అంతగా పొగిడినవాడు లేడు. నాకు అంత కోపం తెప్పించినవాడూ లేడు.

వీరభద్రానికీ అనుమానం వచ్చింది. మామగారి సంగతి ఆయనకి తెలుసు. నోరు తెరిచి అడగలేదు. ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని, ఫోటోల్లో మసకని తనకి చేతనైనంత తగ్గించి, "బాగానే వచ్చాయే" అనేవాడు. ఆవిడ భయపడుతుందని ఆయనా, ఆయన బెంగపడతాడని ఆవిడా, ఇద్దరూ నోరు కుట్టేసుకున్నారు. పైగా ఒక పెళ్లివారు "మంచులో తీసినట్టు ఎంత బాగున్నాయండీ!" అని మెచ్చుకున్నారు కూడా. నాలాంటి గాజుముక్క గురించి గంటలకొద్దీ మాట్లాడుకునే మనుషులు, పక్కనున్న మనిషిని ఒక్క మాట అడగలేకపోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

కార్తీకమాసం పెళ్లిళ్లు ఒక్కొక్కటే వేరేవాళ్లకి వదిలేసింది. చివరికి, "ఇప్పుడొచ్చే కెమెరాలు మనిషి కళ్లెక్కడున్నాయో వాటంతటవే చూసుకుంటాయటండీ. ఇవి అమ్మేసి అలాంటిది తీసుకుందాం" అంది. ఎందుకని అడగకుండా ఆయన "అలాగే" అన్నాడు. నన్ను అమ్మేస్తున్నారన్న దిగులు నాకు లేకపోలేదు. అంతకంటే, అంత మంచి కన్ను పోయిందని నమ్ముకుని ఆవిడ బతుకుతుందన్న దిగులు ఎక్కువైంది. నోరుంటే అరిచి చెప్పేదాన్ని.

నన్ను సర్దడానికి పాత అట్టపెట్టె దించింది. ఫిల్టరుతో కలిపి పెడితే మూత పడలేదు. అందుకని ఫిల్టరు విప్పింది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా నా ముఖం మీద పడింది. సుభాషిణి చేతులు ఆగిపోయాయి. నా అద్దమంతా ఎండిపోయిన పొర, అందులో కొంగు తుడిచిన చారలు, అంచున ఒక బొటనవేలి ముద్ర. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"అత్తయ్యగారూ!" అని ఒక్క కేక పెట్టింది.

"ఏమైందే అమ్మాయ్?" అంటూ మంగాయమ్మగారు పరిగెత్తుకొచ్చింది.

"ఇది దసరాకి మీరు పెట్టిన గంధమేనా?"

"అవునే. ఇంకా ఉందా? ఎంత మంచి గంధమో చూడు మరి!" అంది ఆవిడ గర్వంగా.

సుభాషిణికి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. నన్ను శుభ్రంగా తుడిచి, కెమెరాకి బిగించి, గదిలో బల్బు వైపు చూసింది. బల్బు బల్బులా ఉంది. చుట్టూ ఏమీ లేదు. మా ఇద్దరికీ ఒక్కసారే ఊపిరి తిరిగినట్టయింది.

కానీ పాత భయం అంత తేలిగ్గా వదలదు. కంటి ఆస్పత్రి బోర్డు కనిపిస్తే ముఖం తిప్పుకునే మనిషి, ఇప్పుడు కాస్త ధైర్యం వచ్చి, తనే భర్తతో అన్నీ చెప్పి, "ఒకసారి కాకినాడ తీసుకెళ్లండి. చూపించుకుంటే మనసు కుదుటపడుతుంది" అంది. అక్కడి కంటి ఆస్పత్రిలో పరీక్షలన్నీ చేసి, ఫలితం మర్నాడు చెబుతామన్నారు. మర్నాడు సుభాషిణి లోపలికి వెళ్తే, కెమెరా సంచి ఒళ్లో పెట్టుకుని వీరభద్రం వరండాలో కూర్చున్నాడు. ఆయన సంచి జిప్పు తీస్తూ మూస్తూ ఉంటే లోపల నాకు వెలుగూ చీకటీ మారిపోతున్నాయి.

తలుపు తెరుచుకుంది. "నీటికాసులూ లేవు, ఏమీ లేవండీ! నరం బాగుందట. ఏడాదికోసారి వచ్చి చూపించుకోమన్నారు. చదువుకోడానికి కళ్లద్దాలు రాశారు, అంతే!" అంది సుభాషిణి ఒక్క గుక్కలో.

వీరభద్రం లేచాడు. గోడకున్న కంటి బొమ్మని శ్రద్ధగా చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. సుభాషిణి సంచి విప్పి, కెమెరా తీసి, నన్ను ఆయన వైపు తిప్పింది.

"ఇక్కడేంటే, ఆస్పత్రిలో! తీయకు."

"ఏం, ఎందుకని?"

"కళ్లలో నీళ్లున్నాయే."

"కనిపిస్తున్నాయండీ" అంది సుభాషిణి, మీట నొక్కుతూ.