చట్టమునకు లోఁబడిన తుపాకి

శరత్కాలసాయంసమయమున నరుణకాంతులు నింగియంతట నలముకొనఁగా గోదావరీతీరపర్వతసానువులయందలి జొన్నచేలు పాలుపోసికొన్న కంకుల బరువున వంగి మందమారుతమునకుఁ దూఁగాడుచుండెను. ఆ సానువులలో నొకదానియందు వరాహయూథములు చేను పాడుచేయకుండ మంచెపైఁ గాపుండు కెచ్చెల సింగారమ్మకు గతించిన మగఁడు విడిచిపోయిన సొత్తు మూతినుండి మందు కూరి పేల్చు నాటుతుపాకి యొక్కటియే.

క్రొత్త యాయుధశాసనముచొప్పున లైసెన్సు లేదని పోలీసులు దానిని గొనిపోఁగా నామె కొండ దిగి, శాసనగ్రంథభారవాహియు వివేకలేశశూన్యుఁడునగు డిప్యూటీ కలెక్టరు విరూపాక్షరావు పంతులవారి కచేరికిఁ బోయెను. ఆ ధర్మమూర్తి వెనుక గోడపై సింగారమ్మదానివంటి తుపాకియే యొకటి, జమీందారొకఁడు కానుకగా నిచ్చినది, వెండికట్లతో వ్రేలాడుచుండెను.

"అదీ నా తుపాకి లాంటిదే గదా బాబూ! దానికి లేని తప్పు నాదానికి ఎలగొచ్చింది?" అని సింగారమ్మ యడిగెను.

పంతులవారు మూఢజనబోధనాయాసమున నలసినవారివలెఁ గనులు మూసి తెఱచి, "ఓసీ, అది పురాతనవస్తువు, గోడకు భూషణము. నీది పేలును గనుక నాయుధము. నిప్పంటించు రంధ్రమున సీసము పోయించినచో నదియును నిర్దోషమగును. అప్పుడు గొనిపొమ్ము" అని సెలవిచ్చిరి.

"పేలని తుపాకితో పందుల్ని ఎలగ తోలేది?"

"పందులను గూర్చి శాసనమున నేమియు లేదు."

సింగారమ్మ యాయన నాపాదమస్తకము పరికించెను. ఇంతటివానికి మ్రొక్కుటకా యింత దూరము నడచితినని యామెకుఁ దనపైనే రోఁత పుట్టెను. "అయితే దాన్ని కూడా ఆ గోడకే తగిలించుకోండి బాబూ. పనికిరానియ్యన్నీ ఒక్కచోటే ఉంటాయి" అని వెనుదిరిగెను. గుమాస్తాలు నవ్వాఁపుకొనలేక కాగితములలో ముఖములు దాఁచికొనిరి.

ఆ యేఁట చేనిలో సగము పందులపాలయ్యెను. తక్కిన సగమును గాచుటకై యామె తప్పెట వాయించుచుఁ బంది పొద వెడలినతోడనే "పంతులుబాబూ! అవతలికి పో!" అని గొంతెత్తి యదలించుచుండెను. పొరుగు మంచెలవారు తొలుత నవ్విరి. పిదపఁ దామును నట్లే కేకలిడిరి. కోఁతలు రాకమున్నే యా కొండలలోఁ బందికి వేఱుపేరు లేకపోయెను.

మార్గశీర్షమునఁ బంతులవారు పల్లకి నెక్కి యా ప్రాంతమునకు విచ్చేయుచుండ నలుదెసలనుండి "పంతులుబాబూ! పంతులుబాబూ!" అను ఘోషము ప్రతిధ్వనించెను, తక్కిన మాటలు లోయలలో నణఁగిపోయెను. ఇదియేమని యడుగఁగా డవాలుబంట్రోతు తల వంచి, "జనం తమరికి జేజేలు కొడతన్నారండి" అని విన్నవించెను.

ఆ మహానుభావుఁడు తలపాగ సవరించుకొని పల్లకితెర తొలఁగించి దరహాసవదనుఁడై కొండలవంకఁ జేయెత్తి ప్రజావందనములను స్వీకరించెను. తప్పెటమ్రోఁతకు బెదరిన పందులగుంపు చేలనుండి వెలువడి పల్లకి ముందుగా దారి దాఁటిపోయెను.