సభ్యులకు మాత్రమే

అడ్డమైనవాళ్లూ దూరి చెత్త రాస్తున్నారని డ్రైవర్ల సంఘం గుమాస్తా వెబ్‌సైట్‌లోని ఫారాలన్నిటికీ తాళం వేయించాడు. సభ్యుడు లాగిన్ అయితే తప్ప ఏదీ తెరుచుకోదు. తన తెలివికి తన భుజం తానే చరుచుకున్నాడు.

వారం తిరక్కుండానే ఒక డ్రైవరు భార్య వచ్చింది.

"మా ఆయన పోయారన్నయ్యా. ఆ సంగతి తెలిపే ఫారం తెరుచుకోవట్లేదు."

"సభ్యుడే తెరవాలమ్మా. ఆయన పాస్‌వర్డ్ చెప్పు."

ఆమె చెప్పింది, అతను కొట్టాడు. చనిపోయినవారితో సంబంధం అన్నచోట 'భార్య' అని పెడితే, తెరిచింది సభ్యుడు కదా, ఫారం ఒప్పుకోలేదు. 'నేనే' అని పెడితే చటుక్కున ఒప్పుకుంది.

గుమాస్తా తృప్తిగా వెనక్కి వాలాడు.

"అయిపోయిందమ్మా. ఆయన ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, చూసుకోమను."