విషమెక్కని పిల్ల

"నీళ్ళపొయ్యిలోకి కొబ్బరి డొక్కలు నువ్వే తెచ్చుకో అమ్మాయ్, నీకెలాగూ విషం ఎక్కదుగా," అంది అత్తగారు కాఫీ గ్లాసు కింద పెడుతూ. పన్నెండేళ్ళుగా రోజూ అనే మాటే. వీరదుర్గ గంప తీసుకుని పెరట్లోకి నడిచింది.

తను కడుపులో ఉండగా అమ్మను తేలు కుట్టిందట. అలా పుట్టిన పిల్లకి తేలు విషం ఎక్కదని ఊళ్ళో నమ్మకం. పుట్టింట్లో అదొక వైభోగం. ఎవరిని తేలు కుట్టినా వీరదుర్గని చంకనేసుకుని తీసుకెళ్ళేవారు, ఆ చిన్న చెయ్యి తగిలితే మంట దిగుతుందని. బెల్లంముక్క చేతిలో పెట్టి పంపేవారు. ఎంత గొప్పగా ఉండేదో! పదేళ్ళప్పుడు నిజంగానే కుట్టింది. ప్రాణం పోయినంత పనైంది. అరిస్తే ఆ పేరెక్కడ పోతుందోనని పళ్ళు బిగబట్టి అందరిముందూ నవ్వింది. అమ్మ మాత్రం గదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది. వేలు సబ్బుతో కడిగి, కుండ నీళ్ళతో తడిపిన గుడ్డ చుట్టి, "నాతో చెప్పమ్మా, ఎక్కింది కదూ?" అని చెవిలో అడిగింది. ఆ ఒళ్ళో ముఖం దాచుకుని ఎంతసేపు ఏడ్చిందో! తలుచుకుంటే ఇప్పటికీ అమ్మ చీర గంజి వాసన తగులుతుంది.

అత్తింట్లో ఆ వైభోగమే చాకిరీ అయింది. డొక్కల గుట్ట, అటక మీద సామాను, నూతి పక్క రాళ్ళు, పురుగూ పుట్రా ఉండే చోటల్లా పని ఆమెదే. మూడుసార్లు తేలు కుట్టినా గట్టిగా చెప్పలేదు. ఒక పక్క పాత గొప్ప, ఒక పక్క చెప్పినా వినేదెవరన్న నీరసం. ఒకసారి చెమటలు పోసి వాంతి చేసుకుంటే భర్త గణేష్‌బాబు, "నీకెక్కదుగా, పైత్యం చేసుంటుంది. మజ్జిగ తాగు," అని మళ్ళీ ఫోన్ చూసుకున్నాడు. ఆ మజ్జిగ చిలుక్కున్నదీ ఆమే.

గంప నిండుతుండగా వెనక అత్తగారి గొంతు వినిపించింది. ఎనిమిదేళ్ళ మనవరాలు దేవిశ్రీతో అంటోంది. "నీదీ మీ అమ్మ రక్తమేగా, నీకూ ఎక్కదు. ఆ అడుగున ఉన్న డొక్కలు లాగిపెట్టు." పిల్ల గర్వంగా నవ్వుతూ గుట్టలోకి చెయ్యి చాచింది. ఆ నవ్వు వీరదుర్గకి బాగా తెలుసు.

గంప వదిలేసి పిల్ల చెయ్యి పట్టుకుంది. "వద్దు తల్లీ. ఎప్పుడైనా కుడితే దాచకూడదు. కడుక్కుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి."

"అదేంటే, మీకెక్కదుగా?" అంది అత్తగారు.

"కుట్టిన ప్రతిసారీ ఎక్కిందండీ అత్తయ్యగారూ," అంది వీరదుర్గ. "నేనే నవ్వాను."