అనంతగిరి దాటని మంట

తాండూరులో తెల్లవారిందంటే నాగవ్వకు మొదటి పని అద్దం చూసుకుని మనవరాలిని తిట్టడం. వారం రోజులుగా ఆమె ముఖం పండుమిరపకాయలా ఎర్రబడి, ముక్కు పక్కన పొట్టు లేస్తోంది. క్రీమ్ రాసుకుంటున్నది మాత్రం నిరోషా.

ఆ ఇంట్లో అంతే. నిరోషాకు తగలాల్సిన మంట నాగవ్వకు తగులుతుంది. పిల్ల పచ్చిమిరపకాయలు తరిగితే అవ్వ చేతులు మండేవి. ఆ ఇంట్లో కారం దంచే రోజు పక్కింటివాళ్లు అవ్వకు ముందే మజ్జిగ పంపేవారు. మంట వికారాబాద్ దారిలోని అనంతగిరి గుట్టలు మాత్రం దాటదు. పిల్లకు రెండేళ్లప్పుడు అవ్వ వికారాబాద్‌లో చెల్లెలు బీరమ్మ ఇంటికి పోతే, ఇక్కడ పిల్ల పెనం ముట్టుకుని గుక్కపట్టి ఏడ్చింది. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు అవ్వ గుట్ట దాటలేదు.

వచ్చే నెల నిరోషా వికారాబాద్‌లో చీరల దుకాణంలో చేరాలి, హాస్టల్లో ఉండాలి. ఈలోగా మొటిమల మచ్చలు పోవాలని రెటినాల్ అనే క్రీమ్ కొన్నది. బఠాణీ గింజంత, వారానికి రెండు రాత్రులు, మండితే ఆపమన్నాడు మందుల షాపాయన. పిల్లకు మండితే కదా ఆపేది! రెండు రాత్రులు ఏడయ్యాయి, బఠాణీ గింజ ఉసిరికాయంత అయింది. అవ్వ ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఒకరోజు చన్నీళ్లు తగిలినా ముఖం భగ్గుమనేసరికి నాగవ్వకు విసుగు నెత్తికెక్కింది. రెండు చీరలు సంచిలో కుక్కుకుంది.

"బీరమ్మ ఇంటికి పోతున్న. ఇగ నీ ముఖం నీదే" అని రైలెక్కింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్. అవతల నిరోషా.

"అవ్వా, మండుతున్నది."

నాగవ్వకు జాలీ వేసింది, కోపమూ వచ్చింది. షాపాయన మాటలు పక్కన నిలబడి విన్నది తనే కాబట్టి అన్నీ అప్పజెప్పింది. తగ్గేదాకా క్రీమ్ ముట్టొద్దు, ఒట్టి మాయిశ్చరైజర్ చాలు. తర్వాత కూడా ముందు అది రాసి, దాని మీద బఠాణీ గింజంతే. పగలు సన్‌స్క్రీన్ మరవొద్దు. అన్నీ చెప్పి, మధ్యాహ్నం బండికి వస్తానన్నది.

"రాకవ్వా. నువ్వొస్తే యాడ ఆపాల్నో నాకు మల్ల తెల్వదు."

ఈ బుద్ధి ముందే ఉంటే తన ముఖం మిగిలేదని నాగవ్వ గొణిగింది. కానీ సంచి సర్దుకోలేదు.

నెల తర్వాత నిరోషా పనిలో చేరడానికి వికారాబాద్‌లో దిగింది. పిల్ల ఇటు వచ్చాక అవ్వ అటు ఉండాలి కదా, తాండూరు బండి కోసం అదే ప్లాట్‌ఫాం మీద కూర్చుంది. పిల్ల మచ్చలు సగం పోయాయి. రాత్రే రాసుకున్నానని చెప్పి పక్కన కూర్చుంది. అవ్వ పళ్లు బిగబట్టింది. చెంప మీద చీమ కుట్టినట్టయింది.

"గింతేనా బిడ్డా?"

"గింతే అవ్వా."

బండి వచ్చింది. నాగవ్వ చెంప తుడుచుకుంటూ ఎక్కింది. అప్పుడు తుడుచుకున్నది మంటను కాదు.