ఏటిదా

యూనివర్సిటీలో హుల్లోర్ అనే అల్లరి పండగ మొదలైన ఏడాది, డెబ్భై తొమ్మిదిలో, పాత విద్యార్థులు కొత్తగా చేరినవాళ్లను వరసలో నిలబెట్టారు. అటుగా ఊడ్చుకుపోతున్న ఎలీయాజరును పిలిచి, "వీళ్లలో గాడిద ఎవరు దాదా?" అని బెంగాలీలో అడిగారు. తెలుగువాళ్ల బస్తీ టికియాపారా నుంచి వచ్చి అప్పుడే పనిలో చేరిన ఎలీయాజరుకు బెంగాలీ రాదు.

"ఏటి?" అన్నాడు తన తెలుగులో.

బెంగాలీలో ఆ మాటకు 'ఇదిగో, ఇదే' అని అర్థం. ఎదురుగా ఉన్న కుర్రాడి నెత్తిన బకెట్టెడు రంగునీళ్లు పడ్డాయి.

అదే ఆనవాయితీ అయింది. ఏటా అతని మెడలో చీపురుపుల్లల దండ వేసి వేదిక ఎక్కించేవారు. 'ఏటి'కి దాదాలోని 'దా' కలిసి పేరు 'ఏటిదా' అయింది. తర్వాత బెంగాలీ వచ్చింది కనక, నీళ్లు పడ్డా ఏడవని మొహం చూసుకుని ఆ మాట అనేవాడు. అంతకంటే అతని చేతిలో ఏమీ లేదు.

తొంభై ఆరులో ఆ వరసలో అతని కూతురు లోయిస్ నిలబడింది. పేరు విని అందరూ ఆంగ్లో ఇండియన్ పిల్ల అనుకున్నారు. ఆమె కాదనలేదు.

"నానా, అక్కడ నానెవరో నీకు తెలీదు. ఒట్టెయ్యి" అంది ముందురోజు.

వేశాడు.

విద్యార్థి సంఘం కార్యదర్శి లోయిస్‌నే ముందుకు లాగాడు. "చెప్పు ఏటిదా!"

ఎలీయాజరు పెదాలు బిగించాడు. పక్కవాళ్లను చూపించబోతే చెయ్యి పట్టుకున్నారు.

"ముసలాడికి నాలుక పడిపోయిందిరోయ్! తడిపితే లేస్తుంది!"

బకెట్టు అతని మీదే కుమ్మరించారు. తడి చెక్కల మీద కాలు జారి వెల్లకిలా పడ్డాడు. కళ్లజోడు పగిలింది. అయినా నోరు తెరవలేదు.

"ఏటి సేస్తన్నారు! మా నానని ఒగ్గీండి!" అని లోయిస్ అరిచింది.

ఆమె నోటా 'ఏటి' విని మైదానమంతా నవ్వు. రెండో బకెట్టు ఆమె మీద పడింది. వరసలోని అమ్మాయి ఒకతె తన చున్నీ తీసి లోయిస్ భుజాల మీద కప్పింది. కార్యదర్శి ఎలీయాజరు మెడలోని దండ తీసి, ఆ చున్నీ మీదే వేశాడు.

"దాదా రిటైరు! ఇక దీదీ!"

"ఏటిది! ఏటిది!" వందల గొంతులు.

పదిహేడేళ్లలో మొదటిసారి ఆ జనమంతా తన భాషలో తననే అడుగుతున్నట్టు ఎలీయాజరుకు వినిపించింది. కింద పడి ఉన్నవాడు కూతురి మొహంలోకి చూడలేక, కళ్లజోడు ముక్కలు ఏరుకోసాగాడు.