కర్పూరం ఆర్పని మనిషి

మా బావ గంగులంత మొండివాణ్ణి భోగాపురం తీరంలో నేనింతవరకు చూడలేదు. గడియలో పోయే గొడవను నెలల తరబడి నెత్తిన పెట్టుకుని మోశాడు. నేను అతని బావమరిదిని, గోపి అంటారు, బోట్లకు ఐసు అమ్ముకుంటాను. ఆ నెలల్లో అతని మీద కోప్పడినంతగా నా కన్నపిల్లల మీద కూడా ఎప్పుడూ కోప్పడలేదు.

జరిగింది ఇదీ. నూకయ్య అనే ఆయన బోటులో బావ చేపల వేటకు వెళ్లేవాడు. ఒకరోజు పొద్దున నూకయ్య కొత్త వల ఒడ్డు మీద కనబడకుండా పోయింది. ముందు రోజు సాయంత్రం దాన్ని మడిచి పెట్టింది బావే. ఇలాంటివాటికి మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. అనుమానం ఎవరి మీద ఉంటే వాళ్లు సముద్రంలో మునిగి, తడిబట్టలతో అమ్మవారి గుడి ముందుకొచ్చి, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, నేను తియ్యలేదు అనాలి. అంతటితో సరి. ఆ తర్వాత ఆ మాట ఎత్తినవాడిదే తప్పు.

బావ తీశాడని నూకయ్య కూడా నిజంగా నమ్మలేదు. ఊరి పెద్ద జగన్నాధం అసలే నమ్మలేదు. కానీ నలుగురి నోటా పడ్డాక ప్రమాణం జరిగి తీరాలి.

బావ రెండేళ్ల క్రితం బాప్తిస్మం తీసుకున్నాడు. జగన్నాధం ఆ సంగతి ముందే ఆలోచించుకుని వచ్చాడు.

"ఒరే గంగులూ, గుడికి రావొద్దులే. మీ గ్రంథం మీదే సెయ్యెట్టి సెప్పు. మాకు అదీ ఒకటే" అన్నాడు.

ఇంతకంటే పెద్ద మనసు ఎక్కడ దొరుకుతుంది? నా గుండె కుదుటపడింది.

"దాని మీదా ఎట్టను మావా. మా దేవుడు ఒట్టే వద్దన్నాడు" అన్నాడు బావ. "తియ్యనేదు అంటన్నాను గదా. ఆ మాట సాలకపోతే నా కాడ ఇంకేటీ నేదు."

"ఒట్టెయ్యకపోతే తీసినట్టే గదరా!" అని అరిచాడు నూకయ్య.

"తియ్యనేదు మావా."

కట్టుబాటు కట్టుబాటే. ఊళ్లో ఏ బోటూ అతన్ని ఎక్కించుకోకూడదని పెద్దలు తేల్చారు. పుట్టి బుద్ధెరిగాక సముద్రం తప్ప మరో పని తెలియని మనిషి, విమానాశ్రయం పనుల్లో ఇసుక తట్టలు మొయ్యడానికి కుదిరాడు.

నేను ఊరుకోలేక వాళ్లింటికి వెళ్లాను. నా తోడబుట్టిన అప్ప దుర్గ బాప్తిస్మం తీసుకోలేదు, ఇప్పటికీ అమ్మవారికే మొక్కుతుంది. ఆవిడైనా నా వైపు మాట్లాడుతుందనుకున్నాను.

"నువ్వైనా సెప్పవేటి అప్పా?"

"ఏటి సెప్పమంటావు? పెళ్లయిన కాణ్ణుంచి మీ బావ నాతో ఒక్క అబద్దం ఆడనేదు. ఇప్పుడు నీ మాట సాల్దు అని నానెలా అంటాను?" అంది, పొయ్యిలోకి పుల్ల తోస్తూ.

నాకు ఒళ్లు మండింది. అంతకంటే ఒళ్లు మండించేది ఇంకోటి ఉంది. రోజూ పొద్దున బావ క్యారేజీ పట్టుకుని ఒడ్డు మీదుగానే పనికి వెళ్లేవాడు. నీళ్లలోకి దిగుతున్న ప్రతి బోటుకూ చెయ్యెత్తి, చేపలు బాగా పడాలని దీవించేవాడు, నూకయ్య బోటుకు కూడా. అవమానం జరిగినవాడు కాస్త తలొంచుకుని నడవాలా వద్దా? పెళ్లికి వెళ్తున్నట్టు నడిచేవాడు.

వానలు వెనకబట్టాక పక్క ఊరివాళ్లు పంచాయితీకి వచ్చారు. నూకయ్య బోటు తమ వల మీదుగా వెళ్లి దాన్ని చింపేసిందట. అది జరిగింది బావ ఇంకా ఆ బోటులో వేటకు వెళ్తున్న రోజుల్లో. నూకయ్య వెంటనే కర్పూరం తెప్పించి జగన్నాధం ముందు పెట్టాడు. తానూ తన మనుషులూ ప్రమాణం చేస్తామన్నాడు.

పక్క ఊరి పెద్ద తల అడ్డంగా ఊపాడు. "మీ ఒట్లు మాకొద్దు. ఒట్టెయ్యనని బోటు ఒదులుకున్నోడు మీ ఊళ్లో ఉన్నాడంట గదా? ఆడొచ్చి సెప్పమనండి. ఆడేటంటే అదే."

నూకయ్యే పరుగున బావ ఇంటికి వెళ్లాడు. వెనకాలే నేను.

"ఆల్ల వలే మనకి అడ్డొచ్చినాదని సెప్పరా. రేపే బోటెక్కు. పోయిన వల మాట మర్సిపోతాను" అన్నాడు.

"నీకు దణ్ణమెడతాను బావా, ఆ ఒక్క ముక్కా అనెయ్యి" అన్నాను నేను. అప్ప మాత్రం తువ్వాలు తెచ్చి బావకు అందించింది. బావ దాన్ని భుజాన వేసుకుని బయల్దేరాడు.

రెండు ఊళ్ల జనం మధ్య నిలబడి చెప్పాడు. "ఆల్ల వలకి గురుతు జెండా ఉన్నాది. నానే సూసేను, బోటు తిప్పమని సెప్పేను. నూకయ్య మావ తిప్పనేదు. తప్పు మాదే."

నూకయ్య మొహం నల్లబడింది. అయిపోయింది, ఇక నా అప్ప బతుకంతా ఇసుక తట్టల కూలే అనుకున్నాను. బావను పట్టుకుని కొట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనీ అనిపించింది.

అప్పుడు జగన్నాధం పిలిచాడు. "ఒరే గంగులూ."

"ఏటి మావా?"

"ఆ కొత్త వల నువ్వు తీసేవా?"

"తియ్యనేదు మావా."

జగన్నాధం ముందున్న కర్పూరం పొట్లం తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "అందరూ ఇన్నారు గదా. అయిపోనాది" అని లేచాడు.

మర్నాడు పొద్దున బావను రమ్మని మూడు బోట్లవాళ్లు పిలిచారు. నూకయ్య పిలవలేదు. బావ మాత్రం తిన్నగా వెళ్లి నూకయ్య బోటుకే భుజం ఆనించి తోశాడు. నూకయ్య అతని వైపు చూడలేదు, పక్కనే నిలబడి తానూ తోశాడు. బోటు నీళ్లలోకి దిగాక వెనక్కి తిరిగి కసిరాడు.

"ఏటలా నిలబడ్డావు? ఎక్కు."