పేరు పోయిన ఫైలు

డిస్కు తొంభై ఎనిమిది శాతం నిండిందని మిషను కీచుమన్నప్పుడు ఉదయం పదీ నలభై అయింది. ఆ ఊరి కేబుల్ టీవీ స్టేషన్‌లో ఉన్నదే ముగ్గురు. అందులో ఉకాయ్ కెమెరా పట్టుకుని బేస్‌బాల్ మైదానంలో ఉన్నాడు. స్టేషన్‌లో మిగిలింది మిషన్లు చూసే చిగుసా, ఆవిడ పైఅధికారి కొగురే. ఆయన పనిమంతుడు కాడని ఎవరూ అనరు. కానీ ఆ పొద్దు ఆయన కళ్ళు రెండూ గోడమీది టీవీకి అతుక్కుపోయి ఉన్నాయి.

అతుక్కోవూ మరి? ఆడుతోంది ఊరి హైస్కూలు జట్టు. పదిహేడేళ్ళుగా మొదటి ఆటలోనే ఓడి ఇంటికొచ్చే జట్టు. కొగురే కొడుకు యోసుకే అందులోనే ఉన్నాడు. మూడేళ్ళూ బెంచీ అరగదీశాడే గానీ ఒక్క బంతి వేసిన పాపాన పోలేదు. వాడికిదే ఆఖరి ఏడు, ఇవాళ ఓడితే ఆట ముగిసినట్టే. అలాంటివాడు ఇప్పుడు మైదానం పక్కన నిలబడి చెయ్యి సాగదీస్తున్నాడు! తల్లి సచికో ఆస్పత్రిలో నర్సు, సెలవు దొరకలేదు. "రాత్రికి రికార్డింగు పట్టుకురా. అది లేకుండా గడప తొక్కావో, చూడు మరి" అని మొగుణ్ణి హెచ్చరించి మరీ డ్యూటీకెళ్ళింది.

చిగుసా మిషనుకి ఆజ్ఞలిచ్చే నల్ల తెర తెరిచి డీఎఫ్ అని కొట్టింది. ఎంత ఖాళీ ఉందో డిస్కునే అడిగి చెబుతుంది డీఎఫ్. పది జీబీ ఉందంది. ఆట రికార్డింగేమో గంటకి ఎనిమిది తింటోంది. తర్వాత ఇవాళ్టి ఫోల్డర్‌లోకి వెళ్ళి డీయూ కొట్టింది. డీయూ డిస్కుని అడగదు, ఫైళ్ళని ఒక్కొక్కటే చూసి కూడుకుంటుంది. ఇప్పటిదాకా రికార్డయిన ఆట పద్నాలుగు జీబీ ఉంది.

ఏం చెరపాలో గోడమీది కాగితంలో రాసే ఉంది. పాత టేపు నుంచి ఎక్కించిన 1995 నాటి ఆట, ఆరు జీబీ. దానికి లైబ్రరీలో నకలుంది కాబట్టి తీసేయొచ్చు. మిగతావాటికి నకళ్ళు లేవు, ముట్టుకోకూడదు. చిక్కల్లా పేర్లతోనే. ఆ స్టేషన్‌లో ఫైళ్ళకి చక్రవర్తి గద్దెనెక్కిన ఏటినుంచి లెక్కేసి పేర్లు పెడతారు. 1995 పాత చక్రవర్తికి ఏడో ఏడు, ఈ సంవత్సరం కొత్త చక్రవర్తికి ఏడో ఏడు. అప్పటి ఆటా జూలై పద్నాలుగే, ఇవాళా జూలై పద్నాలుగే. ఏడో ఏడు, ఏడో నెల, పద్నాలుగో తేదీ, రెండు ఫైళ్ళకీ ఒకటే పేరు, ఫోల్డర్లే వేరు.

ఇలాంటి చోట కాలు జారకుండా అక్కడ ఒక పద్ధతి ఉంది. ఒకరు తెరమీద వేలు పెట్టి పైకి చదవాలి. రెండోవాళ్ళు తామూ వేలు చూపి, కళ్ళారా చూసి "సరే!" అనాలి. అప్పుడే మీట నొక్కాలి.

"ఏడు, ఏడు, పద్నాలుగు. చెరిపేస్తున్నా" అని చదివింది చిగుసా.

కొగురే వేలు చూపించాడు. వేలు ఇటుంది, మొహం అటుంది. "సరే!" అన్నాడు ఖంగుమని.

"చూశారా కొగురే గారూ?"

"చూశానమ్మాయ్, కానివ్వు. అదిగో, వాడు టోపీ సర్దుకుంటున్నాడు!"

చిగుసా మీట నొక్కింది. డీయూ కొట్టింది. ఆరు తగ్గాల్సింది పద్నాలుగు తగ్గింది. ఇదేం వింతరా బాబూ అనుకుంటూ డీఎఫ్ కొట్టింది. అక్కడ వెంట్రుకవాసి తేడా లేదు, ఆ తొంభై ఎనిమిది అలాగే కూర్చుంది.

"తగ్గలేదా? రికార్డరు ఒక్కసారి ఆపి మళ్ళీ పెడదాం. అన్నిటికీ అదే మందు" అంటూ కొగురే బటను మీదికి చెయ్యి చాచాడు.

చిగుసా అప్పుడు చూసుకుంది, తను ఏ ఫోల్డర్‌లో ఉందో. డీయూ కొట్టడానికి వెళ్ళినది బయటికి రానే లేదు. ఒక్క ఉదుటున పైఅధికారి మణికట్టు పట్టేసుకుంది. ఆ ఆఫీసు పుట్టాక అలాంటిది జరగలేదు.

"ముట్టుకోకండి! చెరిపింది పాత ఆట కాదు. ఇవాళ్టిది."

కొగురే ఆమె వైపు తిరిగాడు. "ఇవాళ్టిదంటే... మావాడిదా?"

"మీవాడిదే. కానీ ఇంకా పోలేదు. రికార్డరు దాన్ని పట్టుకునే ఉంది, అందుకే డీఎఫ్ తగ్గలేదు. గుమ్మం మీద పేరు పలక పీకేశామంతే, మనిషి లోపల భోంచేస్తూనే ఉన్నాడు. రికార్డరు ఆగిందా, ఆ మనిషీ పోతాడు. కెమెరా ఆగినా అంతే, రికార్డరు దానంతటదే ఆగిపోతుంది."

ఉకాయ్‌కి ఫోన్ చేసింది. "నీ కెమెరాలో కార్డుందా?"

"కార్డు పెట్టి ఎన్నేళ్ళయింది! అంతా మీ దగ్గరే కదా రికార్డయ్యేది."

"అయితే విను. ఆట అయిపోయినా నేను చెప్పేదాకా కెమెరా ఆపకు."

"ఆట అయ్యాక ఏం చూపించను, గడ్డి మొలవడమా?"

"గడ్డే చూపించు."

ముందు పాత ఫోల్డర్‌లోకి వెళ్ళి అసలు పోవాల్సిన ఫైలు మీద వేలు పెట్టింది. ఈసారి కొగురే ముక్కు తెరకి తగిలేంత దగ్గరికొచ్చి అంకెలన్నీ చదివాడు. ఆరు జీబీ ఖాళీ అయింది. రికార్డరుకి ఊపిరాడుతుంది గానీ, ఇంకా పెరుగుతున్న ఆటకి నకలు కూడా తియ్యడానికి ఆ చోటు చాలదు. ఇంకో డిస్కు కావాలి. అది లైబ్రరీలో ఉంది, సైకిలు మీద పోయి రావాలంటే ఇరవై నిమిషాలు. చిగుసా మిషను వదిలి కదలడానికి లేదు.

సరిగ్గా అప్పుడే టీవీలో పదో నంబరు చొక్కా బంతి వేసే దిబ్బ వైపు నడిచింది. యోసుకే.

కొగురే టీవీ చూశాడు, చిగుసాని చూశాడు. సైకిలు తాళం తీసుకుని ఎండలోకి పరిగెత్తాడు. మూడేళ్ళు ఎదురుచూసిన మనిషి కొడుకు బంతులు వేస్తుండగా ఒక్కటీ చూడలేదు.

చిగుసా చూసింది. మొదటి బ్యాటర్‌ని యోసుకే మూడు బంతుల్లో ఇంటికి పంపాడు. పంపి, తనే నమ్మలేనట్టు చేతి తొడుగులోకి చూసుకున్నాడు. ఆ తర్వాత అవతలి జట్టువాళ్ళు వాణ్ణి ఉతికి ఆరేశారు. ఏడో ఇన్నింగ్స్ అయ్యేసరికి తేడా ఏడు పరుగులకి చేరింది. అంత తేడా ఉంటే ఆట అక్కడితో సరి. పిల్లలు వరసగా నిలబడి వంగి దణ్ణం పెట్టారు, ఒకళ్ళమీద ఒకళ్ళు పడి ఏడ్చారు, బస్సు దగ్గరికి వెళ్ళిపోయారు. ఉకాయ్ గడ్డి చూపిస్తూనే ఉన్నాడు. స్టేషన్ ఫోను మోగింది.

"ఏమ్మా, మీ టీవీ చెడిపోయిందా? ఎంతసేపటికీ గడ్డే వస్తోంది" అందొక ముసలావిడ.

"చెడలేదు మామ్మగారూ, చూస్తూ ఉండండి" అంది చిగుసా.

కొగురే వచ్చాడు, చొక్కా పిండితే బిందెడు నీళ్ళు కారేలా ఉన్నాడు. డిస్కు తగిలించారు. రికార్డరు పట్టుకున్న ఆ పేరులేని ఫైలుకి చిగుసా దారి వెతికి, కొత్త డిస్కులోకి నకలు మొదలుపెట్టింది. ఇంకా వస్తున్నదాన్ని కూడా వెంటపడి పట్టుకునేలా పెట్టింది.

"ఎంతకి ఓడారు?" అన్నాడు కొగురే. ఓడారని ఆమె మొహంలోనే చదివేశాడు.

"చెప్పను. రాత్రికి ఆవిడతో కూర్చుని మీరే చూడండి."

కాసేపటికి నకలు అసలుని అందుకుంది. కొత్త డిస్కు మీద డీయూ కొట్టి చిగుసా చదివింది. "పందొమ్మిది జీబీ." కొగురే వేలు పెట్టి, ఒక్కో అంకె చూసి, "పందొమ్మిది. సరే" అన్నాడు. మొదటి నుంచి తెరిచి చూశారు, మధ్యలో తెరిచి చూశారు. అంతా ఉంది. కొగురే కుర్చీలో కూలబడి మొహం తువ్వాలుతో కప్పుకున్నాడు.

ఫోన్లో ఉకాయ్ గొణిగాడు. "ఇక ఆపెయ్యనా? మాడిపోతున్నా ఇక్కడ."

కొగురే తువ్వాలు తీసి టీవీ వైపు చూశాడు. ఖాళీ మైదానంలోకి ఎవడో ఒక్కడే తిరిగొచ్చాడు. బంతి వేసే దిబ్బ మీద ఇందాక తన కాళ్ళు తవ్విన గుంటలో మట్టి పోసి, మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో చదును చేస్తున్నాడు. ఇందాక అందరూ ఏడుస్తుంటే ఏడవని కుర్రాడు ఇప్పుడు మోచేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు. చొక్కా మీద పది.

"ఆపకురా" అన్నాడు కొగురే. "వాడి పని అయ్యేదాకా ఉండనీ."